చివరి వార్డులకు నీళ్లు అందడం లేదు: కొత్త ట్యాంకు కట్టాలా, ఉన్న లైన్లు సరిచేయాలా?

కోస్తా ఏఈ

అందరికీ నమస్కారం.

కోస్తాలో ఒక చిన్న మున్సిపాలిటీకి ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీర్‌గా) వచ్చి కొన్ని నెలలైంది. ఊరి పేరు చెప్పలేను, మన్నించండి. జనాభా 40 వేల దాకా ఉంటుంది. కాలువ నీటిని శుద్ధి చేసి మూడు ఓవర్‌హెడ్ ట్యాంకులకు ఎక్కిస్తాం. ఒక్కోటి 10 లక్షల లీటర్లది. పొద్దున గంట, సాయంత్రం గంట కుళాయిలు వదులుతాం. రెండు పూటలా ట్యాంకులు నిండి ఖాళీ అవుతున్నాయి కాబట్టి రోజుకు 60 లక్షల లీటర్లు ఊళ్లోకి పోతున్నట్టే.

మనిషికి 135 లీటర్ల చొప్పున వేసుకున్నా 54 లక్షలు సరిపోవాలి. కాగితం మీద మా ఊరికి నీటి కొరత లేదు. కానీ ట్యాంకులకు దూరంగా ఉన్న మూడు వార్డుల్లో బిందె నిండడానికే చాలాసేపు పడుతోంది. ఎండాకాలం వస్తే అటు ట్యాంకర్లు పంపాల్సిందే. కౌన్సిల్లో అందరి మాటా ఒక్కటే: ఆ వైపు నాలుగో ట్యాంకు కట్టండి అని. ఎస్టిమేట్ వేయమని నాకు చెప్పారు.

నాకు మనసు ఒప్పడం లేదు. ఇప్పుడు పోతున్న నీళ్లు ఎటు పోతున్నాయో తెలియకుండా ఇంకో ట్యాంకు కడితే ఆ నీళ్లూ అటే పోవా? ఊళ్లో బల్క్ మీటర్లు (పెద్ద లైన్లలో మొత్తం నీటిని కొలిచేవి) లేవు, ఇళ్లకు మీటర్లు లేవు. లైన్ల మ్యాప్ సగం ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

---

రిటైర్డ్ డీఈ

మంచి ప్రశ్న అడిగావు బాబూ. ముందుగా ఒక అనుమానం. ట్యాంకులు నిజంగా నిండుతున్నాయని ఎవరు చూశారు? పంపు నడిచిన గంటల్ని నేమ్‌ప్లేట్ మీద ఉన్న సామర్థ్యంతో గుణించి రిజిస్టర్లో రాసేస్తారు. ఇంపెల్లర్ (లోపల తిరిగే చక్రం) అరిగిపోయిన పంపు అంత నీరు ఎత్తదు. ట్యాంకు అవుట్‌లెట్ మూసి, ఇన్‌లెట్ తెరిచి, నీటి మట్టం గంటకు ఎంత పెరిగిందో స్వయంగా చూసుకో. ఆ ఒక్క లెక్క లేకుండా మిగతావి చేసినా ఉపయోగం లేదు.

రెండోది రాత్రి పరీక్ష. నీ ట్యాంకు వ్యాసం 16 మీటర్లు ఉందనుకో. అడుగు వైశాల్యం సుమారు 200 చదరపు మీటర్లు. అంటే మట్టం ఒక్క సెంటీమీటరు దిగితే 2 వేల లీటర్లు పోయినట్టు. రాత్రి ట్యాంకు నింపి, ఇన్‌లెట్ మూసేసి, ఊళ్లోకి వెళ్లే వాల్వు తెరిచే ఉంచు. రెండు గంటల నుంచి నాలుగు గంటల దాకా మట్టం ఎంత దిగిందో గుర్తు పెట్టుకో. జనం నిద్రపోయే వేళ నీటి వాడకం దాదాపు ఉండదు. అప్పుడు దిగేదాంట్లో ఎక్కువ భాగం లీకేజీయే. గంటకు 5 సెంటీమీటర్లు దిగిందంటే 10 వేల లీటర్లు మట్టిలోకో డ్రైనేజీలోకో పోతున్నాయన్నమాట.

కానీ దానికంటే ముందు ఒక రాత్రి అవుట్‌లెట్ కూడా మూసి చూడాలి. ట్యాంకే కారుతుంటే, లేదా వాల్వు సరిగ్గా మూసుకోకపోతే, ఆ తప్పును లైన్ల మీదకు నెట్టేస్తాం.

---

చివరివీధి

నేను ఇంజినీర్ని కాను. వేరే ఊళ్లో, ఇలాంటి చివరి వార్డులోనే ఉంటాను. ఒక్కటి అడగాలని ఉంది. రాత్రిపూట వాల్వు తెరిచి ఉంచితే మా ముందు వీధుల వాళ్లు సంపులు నింపుకుంటారు కదండీ. అది లీకేజీ లెక్కలోకి రాదా?

మా దగ్గర సంపుకు ఫ్లోట్ బాల్ ఉన్న ఇళ్లు తక్కువ. సంపు నిండాక నీళ్లు పొంగి మోరీలో పడతాయి. చూసి ఆపే మనిషి ఇంట్లో లేకపోతే అంతే. ఆ మోరీ వెంబడి నీళ్లు పారుతూ మా వీధి దాకా వస్తాయి. కుళాయిలో మాత్రం రావు. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ పట్టించుకోరు.

---

రిటైర్డ్ డీఈ

సరిగ్గా అడిగావమ్మా. సంపులు నిండే నీరు లెక్కలో కలుస్తుంది. అందుకే పరీక్ష పెట్టే రోజు సాయంత్రం సరఫరా మామూలుగా ఇచ్చి, రాత్రి పది నుంచే వాల్వు తెరిచి ఉంచాలి. సంపులు అర్ధరాత్రికి నిండిపోతాయి. రెండు దాటాక చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. సంపులు పొంగి మోరీలోకి పోతున్నవి కూడా ఆ వేళకు స్పష్టంగా కనబడతాయి, చప్పుడు కూడా వినబడుతుంది. నలుగురు మనుషులు టార్చి పట్టుకుని వీధుల్లో తిరిగితే చాలు. ఏ ఇంటి ముందు మోరీలో స్వచ్ఛమైన నీరు పారుతోందో రాసుకురావచ్చు.

---

పాలమూరోడు

అన్నలూ, కొలతలు మంచిదే గానీ ఊరు పెరిగింది కదా. ఇరవై ఏండ్ల కింద వేసిన లైన్లకు కొత్త వెంచర్లన్నీ తగిలించిన్రు. చివర్ల ఉన్న నల్లాలకు నీళ్లు ఎట్ల వస్తయి? కొత్త ట్యాంకు వద్దంటే అక్కడి జనం ఊకుంటరా? ఈ టెస్టులు చేస్తుంటేనే ఎండాకాలం అయిపోతది.

---

హైడ్రాలిక్స్ టీచర్

పాలమూరు తమ్ముడి మాటలో న్యాయం ఉంది. కానీ ఏఈ గారు ఇచ్చిన అంకెల్లోనే ఇంకో జవాబు ఉంది. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మన దగ్గర ఉన్న పంపిణీ లైన్లను సీపీహెచ్‌ఈఈవో (నీటి పథకాలకు ప్రమాణాలు రాసే కేంద్ర సంస్థ) 1999 మాన్యువల్ ప్రకారం డిజైన్ చేశారు. 50 వేల లోపు జనాభాకు పీక్ ఫ్యాక్టర్ 3. రోజు సగటు వాడకానికి మూడు రెట్ల ప్రవాహాన్ని తట్టుకునేలా పైపు సైజులు ఎంచుతారు. 50 వేల నుంచి 2 లక్షల దాకా అది 2.5, ఆ పైన 2.

ఇప్పుడు ఈ ఊరి లెక్క. రోజుకు 60 లక్షల లీటర్లు, అంటే గంటకు సగటు 2.5 లక్షలు. డిజైన్ ప్రకారం లైన్లు గంటకు 7.5 లక్షల దాకా మోయాలి. కానీ మీరు మొత్తం నీటిని రెండే గంటల్లో వదులుతున్నారు. అంటే గంటకు 30 లక్షలు. సగటుకు 12 రెట్లు, డిజైన్‌కు 4 రెట్లు.

పైపులో రాపిడి వల్ల పోయే హెడ్ (నీటిని తోసే ఒత్తిడి, మీటర్ల ఎత్తులో చెబుతాం) ప్రవాహంతో సమానంగా పెరగదు. హేజెన్-విలియమ్స్ సూత్రంలో ఘాతం 1.85. ప్రవాహం 4 రెట్లయితే హెడ్ నష్టం 13 రెట్లవుతుంది. డిజైన్‌లో చివరి ఇంటి దాకా వెళ్లేసరికి 5 మీటర్లు పోతుందని వేసుకుంటే, ఇప్పుడు 65 మీటర్లు కావాలి. మీ ట్యాంకు ఎత్తు 15 మీటర్లో 18 మీటర్లో ఉంటుంది. అంత హెడ్ ఎక్కడి నుంచి వస్తుంది? రాదు. దగ్గరి వీధులు తమకు కావలసినంత లాగేసుకుంటాయి, దూరపు వీధుల్లో సన్నటి ధార వస్తుంది. పైపు చిన్నదైపోయిందని అందరూ అనుకుంటారు. కానీ రోజంతా మోయాల్సిన బరువును రెండు గంటల్లో మోయమంటే ఏ పైపైనా చిన్నదే అవుతుంది.

కాబట్టి అదే నీటిని రెండు గంటల బదులు నాలుగు గంటల్లో ఇవ్వగలిగితే హెడ్ నష్టం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. అదనంగా ఒక్క చుక్క కూడా అక్కర్లేదు. నాలుగో ట్యాంకు కట్టినా అదే గంట సరఫరా కొనసాగిస్తే, ఆ ట్యాంకు చుట్టూ ఉన్న వీధులు బాగుపడి, వాటి అవతలి వీధులు కొత్త చివరి వీధులవుతాయి.

---

కోస్తా ఏఈ

టీచర్ గారూ, ఇది చదివాక మా లైన్ల సైజులు మళ్లీ చూశాను. మీరు చెప్పినట్టే ఉంది. కానీ ఒక చిక్కు. నాలుగు గంటలు వదిలితే దగ్గరి వీధుల వాళ్లు నాలుగు గంటలూ లాగుతారు. ట్యాంకు ముందే ఖాళీ అయిపోతుంది. దూరపు వాళ్లకు లాభమేముంది?

---

హైడ్రాలిక్స్ టీచర్

అవును, సమయం ఒక్కటే పెంచితే జరిగేది అదే. దగ్గరి వాళ్ల ప్రవాహాన్ని తగ్గించాలి. దారులు రెండు. ఒకటి, ట్యాంకు దగ్గరలో విడిపోయే కొమ్మ లైన్ల వాల్వులను సగం మూసి ఉంచడం. రెండు, ఒక్కో ట్యాంకు పరిధిని రెండు మూడు జోన్లుగా విడదీసి వేర్వేరు వేళల్లో ఇవ్వడం. అప్పుడు మెయిన్ లైన్‌లో ఒకేసారి ప్రవహించే నీరు సగమవుతుంది. దూరపు జోన్‌కు ముందుగా, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే ఇవ్వండి. మన ఊళ్లలో చాలా చోట్ల దీనికి తలకిందులుగా జరుగుతుంది.

జోన్లు నిజంగా విడిపోయాయా అన్నది కూడా చూసుకోవాలి. ఎప్పుడో వేసిన లింకు పైపులు మట్టిలో ఉంటాయి. ఒక జోన్ వాల్వు మూసి, ఆ జోన్‌లో కుళాయి తిప్పి చూడండి. నీళ్లు వచ్చాయంటే ఎక్కడో లింకు ఉంది.

ఇదంతా ముందుగా కంప్యూటర్లో వేసి చూసుకోవచ్చు. అమెరికా పర్యావరణ సంస్థ తయారు చేసిన ఈపానెట్ ఉచితంగా దొరుకుతుంది. దాని 2.2 వెర్షన్‌లో, పీడనం తక్కువైతే కుళాయికి నీరు కూడా తగ్గేలా లెక్క వేసే పద్ధతి చేర్చారు. మన ఊళ్ల పరిస్థితికి ఆ పద్ధతే సరిపోతుంది.

---

పైపుల మేస్త్రి

ఏఈ సార్‌కు నమస్కారం. నేను ఫిట్టర్‌ని. కనెక్షన్లు ఇవ్వడం, లీకులు పట్టడమే మా పని. కంప్యూటర్ సంగతి నాకు తెలీదు గానీ, లీకు ఎక్కడుంటుందో చెబుతాను.

జనం పెద్ద పైపు పగిలి రోడ్డు మీద ఫౌంటెన్‌లా ఎగజిమ్మితే అదే లీకు అనుకుంటారు. అది ఎక్కువసేపు ఉండదు, గంటలో ఫోన్లు వస్తాయి, మధ్యాహ్నానికి కడతాం. ఏళ్ల తరబడి కారేది ఇంటి కనెక్షన్. మెయిన్‌కు ఫెర్రూల్ (ఇంటి పైపును తగిలించే బిరడా) కొట్టే చోట ఒకటి, జీఐ పైపు (జింకు పూత ఇనుప పైపు) మోరీ దాటే చోట ఇంకొకటి. మోరీ తడికి జీఐ పైపు కింది వైపు తుప్పు పట్టి చిల్లు పడుతుంది. నీరు నేరుగా మోరీలో పడుతుంది కాబట్టి పైకి కనబడదు. పైన సీసీ రోడ్డు వేశాక ఇక ఎవరికీ తెలీదు.

ఇంకొకటి. కొత్త పీవీసీ లైన్ వేసినప్పుడు పాత ఏసీ (ఆస్బెస్టాస్ సిమెంట్) లైన్‌ను పూర్తిగా చంపరు. సగం ఇళ్లు కొత్తదానికి మారుస్తారు, సగం పాతదాని మీదే ఉంటాయి. బిల్లు అయిపోతుంది, కాంట్రాక్టర్ వెళ్లిపోతాడు. రెండు లైన్లలోనూ నీరు ఉంటుంది, రెండూ కారతాయి. సార్, మీ ఊళ్లో కూడా ఇది ఉండే ఉంటుంది. మీ పాత వాల్వు మనిషిని అడగండి. రిటైరైనా పిలిపించి రోడ్డు వెంట నడిపించండి. ఏ వాల్వు ఎక్కడ పూడిపోయిందో అతనికి తెలిసినంత మ్యాప్‌కు తెలీదు.

---

సింగపూర్ తెలుగు

మేస్త్రి గారు చెప్పింది ప్రపంచమంతా ఒప్పుకున్న విషయమే. నీటి సంస్థలు లీకేజీని పోల్చుకోవడానికి వాడే ఒక సూత్రం ఉంది. మంచి స్థితిలో ఉన్న వ్యవస్థలో కూడా తప్పించలేని నష్టం ఎంతో అది చెబుతుంది. మెయిన్ లైన్ కిలోమీటరుకు 18, ఒక్కో కనెక్షన్‌కు 0.8 చొప్పున కూడి, మీటర్లలో ఉన్న పీడనంతో గుణిస్తే రోజుకు లీటర్లు వస్తాయి. పీడనం మరీ తక్కువున్న ఊళ్లకు ఆ ఫలితాన్ని నమ్మకూడదు, నేను చూపించేది అందులోని వాటాలనే. 60 కిలోమీటర్ల లైన్లు, 8 వేల కనెక్షన్లు ఉన్న పట్టణానికి వేస్తే లైన్ల వాటా 1,080, కనెక్షన్ల వాటా 6,400. నూటికి 85 వంతులు ఇంటి కనెక్షన్లవే.

టోక్యోలో 1980ల నుంచి ఇంటి కనెక్షన్లను స్టెయిన్‌లెస్ స్టీల్ పైపులకు మార్చుకుంటూ వచ్చారు. అక్కడ లీకేజీ 3 శాతం దాకా తగ్గడానికి అదొక పెద్ద కారణం. నేనుండే సింగపూర్‌లో బిల్లుకు రాని నీరు 10 శాతం లోపే.

సింగపూర్, టోక్యో డబ్బున్న నగరాలని మీరనొచ్చు. అందుకే నమ్‌పెన్ సంగతి చెబుతాను. కాంబోడియా యుద్ధాల్లో చితికిపోయాక, 1993లో ఆ నగరంలో పంపిన నీటిలో 72 శాతం లెక్కకు రాకుండా పోయేది. ఎక్ సోన్ చాన్ అనే ఇంజినీర్ ఆ సంస్థ పగ్గాలు పట్టాక ఇంటింటికీ మీటరు పెట్టించారు, దొంగ కనెక్షన్లు తీయించారు, అధికారులూ సైన్యం వాళ్లూ బిల్లు కట్టి తీరాలన్నారు. లీకులు కట్టే బృందాలు రాత్రీ పగలూ పనిచేశాయి. పదిహేనేళ్లలో నష్టం 6 శాతం దగ్గరకు వచ్చింది, నగరానికి 24 గంటలూ నీరు వచ్చింది. 2006లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు ఇచ్చారు. ఇది పేద దేశంలో జరిగింది కాబట్టే నాకు ఎక్కువ గౌరవం.

---

పద్దుల మనిషి

మున్సిపల్ అకౌంట్స్‌లో పనిచేస్తాను. ఇంజినీర్లు మాట్లాడుతున్నారు కాబట్టి డబ్బు వైపు నుంచి ఒక మాట.

1,000 లీటర్లను 100 మీటర్ల ఎత్తుకు ఎత్తడానికి నష్టం ఏమీ లేకపోతే 0.27 యూనిట్ల కరెంటు కావాలి. మన పంపులు, మోటార్లు కలిపి 60 శాతం సామర్థ్యంతో నడిస్తే, 60 మీటర్ల హెడ్‌కు కూడా అంతే పడుతుంది. రోజుకు 10 లక్షల లీటర్లు లీకయితే 270 యూనిట్లు నేల పాలు. యూనిట్ 7 రూపాయలు వేసుకుంటే ఏడాదికి దాదాపు 7 లక్షలు. ఇంకా ఆలం, క్లోరిన్, మనుషుల జీతాలు లెక్కలోకి రాలేదు. ఏఈ గారు కౌన్సిల్లో ఈ అంకె పెడితే వింటారు. లీకేజీ శాతం చెబితే ఎవరికీ పట్టదు.

బిల్లుకు రాని నీరంతా లీకు కాదు. దొంగ కనెక్షన్లు, ఇంటి రేటు మీద నడిచే హోటళ్లు, రిజిస్టర్లో లేని కుళాయిలు, వీధి కుళాయిలు, ఇవన్నీ ఉంటాయి. కేంద్రం 2008లో పెట్టిన ప్రమాణం ప్రకారం ఇవన్నీ కలిపి 20 శాతం దాటకూడదు. ఆస్తిపన్ను జాబితాను కుళాయి జాబితాతో పోల్చి చూడండి. పన్ను కట్టే ఇల్లు, బోరు లేదు, కుళాయి రికార్డులో లేదు అంటే వెళ్లి చూడాల్సిందే. కేసులు పెట్టే ముందు, క్రమబద్ధం చేసుకోవడానికి కొంత గడువు ఇవ్వండి. జనం వస్తారు.

---

పాలమూరోడు

మరి మోటర్ల సంగతేంది? నల్లాకు డైరెక్టు మోటరు పెట్టి గుంజుతరు. ఎన్ని జోన్లు చేసినా వాళ్లదే రాజ్యం. 2025 ఎండాకాలంల హైదరాబాద్ జలమండలి వాళ్లు ఇల్లిల్లు తిరిగి మోటర్లు జప్తు చేసిన్రు. చిన్న ఊర్ల ఎవరు చేస్తరు?

---

చివరివీధి

తమ్ముడూ, మోటారు పెట్టేవాళ్లందరూ దొంగలు కాదు. మా వీధిలో నాతో సహా చాలామంది వద్దనుకునే ఆగాం. ముందు వీధిలో ఒకరు పెట్టారు, పక్కవాళ్లకు ఆగిపోయింది, వాళ్లూ పెట్టారు. అలా వరసగా మా దాకా వచ్చింది. పసిపిల్లలున్న ఇల్లు ఎన్నాళ్లని ఆగుతుంది? జప్తు చేయండి, నేను కాదనను. కానీ నీళ్లు ఎప్పుడు వస్తాయో ఖాయంగా చెప్పి, ఆ వేళకు ఇచ్చి చూపించాక చేయండి. ఆడవాళ్లు తెల్లవారుజాము నుంచి కుళాయి దగ్గర కాపలా కాయడం ఏ లెక్కల పుస్తకంలోనూ ఎక్కదు. కూలికి వెళ్లేవాళ్లకు అది సగం పూట కూలి.

ఏఈ గారూ, మా లాంటి వాళ్లు సొంతంగా పీడనం కొలిచే మార్గం ఏదైనా ఉందా? ఫిర్యాదు ఇస్తే "మీ ఇంట్లో పైపు మూసుకుపోయింది" అంటారు.

---

హైడ్రాలిక్స్ టీచర్

ఉందమ్మా. లోపల నీరు కనబడే సన్నని ప్లాస్టిక్ ట్యూబు కొని కుళాయికి బిగించి, గోడ వెంట నిటారుగా పైకి పట్టుకోండి. ఇంట్లో మిగతా కుళాయిలన్నీ కట్టేయాలి. నీరు ట్యూబులో ఎంత ఎత్తు ఎక్కి ఆగిందో టేపుతో కొలవండి. అదే మీ కుళాయి దగ్గరి పీడనం, మీటర్లలో. ఆ 1999 మాన్యువల్ ప్రకారం ఒక అంతస్తు ఇళ్లకు 7 మీటర్లు ఉండాలి. మీకు 2 మీటర్లు కూడా ఎక్కకపోతే ఫోటో తీసి తేదీ, సమయం రాసి ఇవ్వండి. పైపు మూసుకుపోతే ధార తగ్గుతుంది గానీ, ఇలా నిలబెట్టిన నీటి ఎత్తు తగ్గదు. కాబట్టి ఆ సాకు ఇక పనిచేయదు.

---

రిటైర్డ్ డీఈ

మోటార్ల వల్ల నీరు అందకపోవడం ఒక్కటే కాదు, ప్రాణాల మీదకు వచ్చే సంగతి ఉంది. లైన్ ఖాళీగా ఉన్నప్పుడు, లేదా మోటారు లాగి లోపల పీడనం సున్నా కంటే కిందికి పోయినప్పుడు, నీరు బయటకు కారిన చిల్లులోంచే మురుగు లోపలికి వస్తుంది. 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలో మంచినీటిలో మురుగు కలిసి మనుషులు చనిపోయారు. మేస్త్రి చెప్పిన ఆ మోరీ దాటే పైపులే ఇలాంటి చోట్ల ముందుగా అనుమానించాల్సినవి. లీకేజీని డబ్బు నష్టంగానే చూడకండి.

ఏఈ బాబూ, చివరి ఇళ్లలో క్లోరిన్ పరీక్ష రోజూ చేయించు. లీటరుకు 0.2 మిల్లీగ్రాములు తగ్గకూడదు. ఒక వీధిలో ఉన్నట్టుండి క్లోరిన్ మాయమైతే అక్కడ ఏదో లోపలికి వస్తోందని అర్థం. ఆ రోజే తవ్వించు.

---

సింగపూర్ తెలుగు

దీనికి అసలు పరిష్కారం 24 గంటల సరఫరాయే కదా. పైపు ఎప్పుడూ నిండుగా ఉంటే మురుగు రాదు, మోటార్లు అక్కర్లేదు, సంపులు అక్కర్లేదు. హుబ్బళ్లి-ధార్వాడ, బెళగావి, కలబురగిల్లో 2008 నాటికే కొన్ని వార్డుల్లో చేసి చూపించారు. హుబ్బళ్లి-ధార్వాడలో పరిశోధకులు రెండు రకాల వార్డుల నీటినీ పరీక్షిస్తే, ఆగి ఆగి వచ్చే నీటిలోనే కలుషితం చాలా ఎక్కువగా కనిపించింది. 2021 జులైలో పూరీలో ఊరంతటికీ ఇచ్చారు, కుళాయి నీళ్లే తాగొచ్చని ప్రకటించారు. అక్కడ జలసాథీలని స్థానిక మహిళలే మీటరు రీడింగ్ తీస్తారు, నీటి పరీక్ష చేస్తారు, బిల్లులు వసూలు చేస్తారు.

---

రిటైర్డ్ డీఈ

గమ్యం అదే, నేనూ కాదనను. కానీ క్రమం తప్పితే ప్రమాదం. 20 మీటర్ల పీడనం మీద 5 మిల్లీమీటర్ల చిల్లు ఒక్కటి రోజంతా కారితే 20 వేల లీటర్లు పోతాయి. హైదరాబాద్‌లో ఒక ఇంటికి నెలంతా ఉచితంగా ఇచ్చే నీరు అంతే. ఇప్పుడు రెండు గంటలే కారుతోంది కాబట్టి 1,700 లీటర్లతో సరిపోతోంది. లీకులు కట్టకుండా 24 గంటలు తెరిస్తే ప్లాంటు ఖాళీ అవుతుంది. కర్ణాటకలో ఆ వార్డుల లైన్లు, ఇంటి కనెక్షన్లు మొత్తం కొత్తవి వేసి, మీటర్లు పెట్టాకే తెరిచారు. ఒక జోన్ తీసుకుని అక్కడ పూర్తిగా చేసి, తర్వాత రెండోదానికి వెళ్లాలి.

పీడనం ఎక్కువ ఉంటే మంచిదన్న భ్రమ కూడా వద్దు. కేప్‌టౌన్‌లో ఖయేలిచా అనే పెద్ద పేదల బస్తీలో 2001లో చేసింది ప్రధానంగా పీడనం తగ్గించడమే. ఏడాదికి 90 లక్షల ఘనపు మీటర్ల నీరు మిగిలింది. చివరి ఇంటికి చాలినంత ఉండాలి, అంతకు మించి అక్కర్లేదు.

---

పద్దుల మనిషి

మీటర్ల మీద జనానికి ఒక భయం ఉంది, అది నిజమే కూడా. ఆగి ఆగి ఇచ్చే సరఫరాలో నీటి కంటే ముందు గాలి వస్తుంది, ఆ గాలికి మీటరు గిర్రున తిరుగుతుంది. మరో వైపు, ఫ్లోట్ బాల్ సగం మూసుకుని సన్నగా కారేటప్పుడు పాత మెకానికల్ మీటరు అసలు కదలదు. ఒకసారి జనానికి నష్టం, ఒకసారి మున్సిపాలిటీకి. కాబట్టి ఇళ్ల మీటర్ల కంటే ముందు ప్లాంటు దగ్గర ఒకటి, ఒక్కో ట్యాంకు అవుట్‌లెట్‌కు ఒకటి పెట్టండి. నాలుగు మీటర్ల ఖర్చు మీ ట్యాంకు ఎస్టిమేట్‌లో ఒక మూలకు కూడా రాదు.

---

మోడరేటర్

చర్చ బాగా సాగుతోంది. రాజకీయ పార్టీల పేర్లతో వచ్చిన రెండు వ్యాఖ్యలు తీసేశాను. నీటి విషయానికే పరిమితం అవుదాం.

---

కోస్తా ఏఈ

కొన్ని వారాలు ఇటు రాలేదు. మీ అందరి మాటలు పట్టుకుని కొంత పని చేశాం. సంగతులు రాస్తున్నాను.

రాత్రి పరీక్షలో రెండు ట్యాంకుల మట్టం కొద్దిగానే దిగింది. పాతబస్తీ వైపు ఉన్న మూడోది చూస్తుండగానే దిగిపోయింది. మేస్త్రి గారు చెప్పినట్టు, రిటైరైన వాల్వు మనిషి ఇంటికి వెళ్లి పిలుచుకొచ్చాం. బజారు కింద పాత ఏసీ లైన్ ఇంకా బతికే ఉందని ఆయనే చూపించారు. కొన్ని దుకాణాల కనెక్షన్లు దాని మీద ఉన్నాయి, మిగతాదంతా ఊరికే కారుతోంది. ఆ కనెక్షన్లు మార్చి, పాత లైన్‌కు రెండు వైపులా ఎండ్ ప్లేట్ వేసి మూసేశాం. ఆ తర్వాతి రాత్రి మట్టం దిగడం సగానికి పైగా తగ్గింది.

టీచర్ గారి మాట ప్రకారం అదే ట్యాంకు పరిధిని రెండు జోన్లు చేశాం. దూరపు వార్డులకు ముందు, ట్యాంకు నిండుగా ఉండగా ఇస్తున్నాం. ప్లాస్టిక్ ట్యూబు పెట్టి చూస్తే చివరి వీధిలో మీటరు కూడా ఎక్కని నీరు ఇప్పుడు మూడు మీటర్లు దాటుతోంది. 7 మీటర్లకు ఇంకా చాలా దూరం, కానీ బిందెలు త్వరగానే నిండుతున్నాయి. దగ్గరి వార్డుల వాళ్లు తమ వేళ మారిందని గొడవ చేశారు. కమిషనర్ గారు వెళ్లి మాట్లాడారు.

కౌన్సిల్లో కరెంటు లెక్క పెట్టాను. ట్యాంకు మాట పూర్తిగా పోలేదు. ముందు బల్క్ మీటర్లకు, మోరీ దాటే జీఐ కనెక్షన్లు మార్చడానికి డబ్బు ఇచ్చారు. చివరివీధి గారూ, కొత్త వేళల బోర్డులు ప్రతి వీధిలో పెట్టిస్తున్నాం.

ఇంకో సందేహం. దగ్గరి కొమ్మ లైన్ల స్లూయిస్ వాల్వులను సగం మూసి ఉంచాం. అలా ఎంతకాలం ఉంచవచ్చు?

---

రిటైర్డ్ డీఈ

చాలా మంచి పని చేశావు బాబూ.

స్లూయిస్ వాల్వు పూర్తిగా తెరవడానికో పూర్తిగా మూయడానికో చేసింది. సగం మూసి ఏడాదంతా ఉంచితే వేగంగా వెళ్లే నీటికి గేటు, సీటు అరిగిపోతాయి. రేపు నిజంగా మూయాల్సి వస్తే మూసుకోదు. ఈ ఎండాకాలం గడవనివ్వు. ఆ తర్వాత ఆ చోట్ల ఫ్లాంజీల (పైపులు బోల్టులతో కలిసే అంచుల) మధ్య ఆరిఫిస్ ప్లేటు (ప్రవాహం తగ్గించే రంధ్రం ఉన్న బిళ్ల) పెట్టించు, రంధ్రం సైజు టీచర్ గారు లెక్కవేసి ఇస్తారు. ఖర్చు తక్కువ. పైగా రాత్రిపూట ఎవరూ వచ్చి తిప్పేయలేరు.

పాలమూరు తమ్ముడు అడిగిన వెంచర్ల సంగతి మర్చిపోకు. బల్క్ మీటర్లు ఒక ఎండాకాలం నడిచాక కూడా ఆ వైపు నీరు చాలకపోతే అప్పుడు ట్యాంకు కట్టాల్సిందే. ఎంత పెద్దది కావాలో, ఎక్కడ కావాలో అప్పటికి నీ చేతిలో అంకెలు ఉంటాయి.

---

పైపుల మేస్త్రి

సార్, మోరీ దాటే చోట ఈసారి జాయింట్ లేని ఎండీపీఈ (వంగే ప్లాస్టిక్) పైపు వేయించండి, బయట ఇంకో పెద్ద పైపు తొడిగించండి. వీలైతే మోరీ కింద నుంచి కాకుండా పై నుంచి తీయండి. ఫెర్రూల్ దగ్గర సాడిల్ (మెయిన్ చుట్టూ బిగించే పట్టీ) తప్పనిసరి, పీవీసీకి నేరుగా చిల్లు కొట్టనివ్వొద్దు. కాంట్రాక్టర్ మట్టి కప్పే ముందు నీళ్లు వదిలి మీ కళ్లతో చూడండి. ప్లేట్లు వచ్చేదాకా ఏ వాల్వు ఎన్ని చుట్లు మూశారో మూత లోపల పెయింటుతో రాయించండి, డ్యూటీ మారినా ఇంకొకరు మార్చేయకుండా ఉంటారు.